వంతు ఎవరిది, దెబ్బ ఎప్పుడు?

ఈసారి వచ్చిన ఉత్తరాలు దాదాపుగా ఒకే తగువు చుట్టూ తిరిగాయి. పోట్లాట మొదలయ్యాక ఎవరు ఎప్పుడు ఏం చేయొచ్చు? పట్టుకోవడం, తోసేయడం, పడగొట్టడం లాంటి ఎత్తులు ఎప్పుడు పనికొస్తాయి, ఎప్పుడు వృథా? అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాం. వేరే ఆట పేరు చెప్పని చోటల్లా జవాబు డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరు ఒక పాత్రగా, పాచికలు వేస్తూ బల్ల చుట్టూ ఆడే కథల ఆట) ఐదో ఎడిషన్‌ది, అంటే 2014 నియమాలది. 2024లో సవరించిన పుస్తకంలో లెక్క మారిన చోట పక్కనే చెప్పాం. చాలా బల్లల దగ్గర ఈ రెంటినీ కలగాపులగం చేసి ఆడుతున్నారు. ఆట మొదలుపెట్టకముందే ఏ పుస్తకమో తేల్చుకుంటే తగువుల్లో చాలా భాగం పుట్టనే పుట్టవు.

ప్ర: రౌండ్ అంటే ఆరు సెకన్లు అంటారు. మేం ఐదుగురం, ఎదురుగా నలుగురు శత్రువులు. అంటే ఒక రౌండ్‌కి 54 సెకన్లు పట్టాలి కదా? ఇంతకీ ఒక వంతులో ఎన్ని పనులు చేయొచ్చు? (విజయనగరం)

జ: లేదండీ, ఆ తొమ్మిది మందీ అదే ఆరు సెకన్లలో కొట్టుకుంటున్నారు. అందరూ ఒకేసారి మాట్లాడితే ఆట నడవదు కాబట్టి వంతులుగా విడదీసి చెప్పుకుంటున్నాం, అంతే.

మీ వంతులో మీ దగ్గరుండేవి ఇవి. ఒకటి, మీ వేగానికి సరిపడా కదలిక. మామూలు మనిషికి 30 అడుగులు, అంటే 5 అడుగుల గళ్లు ఆరు. దీన్ని ముక్కలు చేసి వాడుకోవచ్చు: 10 అడుగులు వెళ్లి, కొట్టి, మిగతా 20 అడుగులు వెనక్కి రావచ్చు. రెండు దెబ్బలు కొట్టగలిగేవారు దెబ్బకీ దెబ్బకీ మధ్య కూడా నడవొచ్చు. రెండు, ఒక యాక్షన్, అంటే కొట్టడం, మంత్రం వేయడం లాంటి అసలు పని. మూడు, చేతికందే చిన్న పని ఒకటి, అంటే ఒరలోంచి కత్తి దూయడం, తలుపు తీయడం లాంటిది. అలాంటి రెండో పనికి యాక్షన్ ఖర్చవుతుంది. ఇక బోనస్ యాక్షన్, అంటే యాక్షన్‌కి అదనంగా చేసే పని, అందరికీ ఉండదు. మీ క్లాస్ (పాత్ర వృత్తి) గానీ, ఏదైనా మంత్రం గానీ, రెండు చేతుల్లో తేలిక ఆయుధాలు పట్టుకోవడం గానీ ఇస్తేనే ఉంటుంది. రోగ్‌కి (చాటుగా కొట్టే దొంగ పాత్రకి) రెండో లెవెల్ నుంచి దొరుకుతుంది. బల్లల దగ్గర ఎక్కువగా జరిగే తప్పు ఇక్కడే: "నా యాక్షన్ మిగిలింది కదా, దాంతో ఇంకో బోనస్ యాక్షన్ చేస్తా" అంటారు. కుదరదు. పెద్ద నోటుకి చిల్లర మార్చినట్టు యాక్షన్‌ని బోనస్ యాక్షన్‌గా మార్చుకోవడం ఈ ఆటలో లేదు.

రియాక్షన్ (ఎదుటివాడు చేసినదానికి అప్పటికప్పుడు ఇచ్చే జవాబు) సంగతి వేరు. రౌండ్‌కి ఒకటే, సాధారణంగా వేరేవాళ్ల వంతులో వాడతాం. వాడేశాక మళ్లీ మీ వంతు మొదలైనప్పుడే తిరిగొస్తుంది. కింద రాబోయే జవాబుల్లో సగం ఈ ఒక్క వాక్యం మీదే ఆధారపడ్డాయి.

ఆరు సెకన్లన్నది అన్ని ఆటల్లోనూ ఒకేలా ఉండదు. 1970ల చివర్లో వచ్చిన అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో రౌండ్ అంటే ఒక నిమిషం, దాన్ని పది సెగ్మెంట్లుగా విడగొట్టేవారు. 1986లో వచ్చిన గర్ప్స్ అనే మరో ఆటలో వంతుకి ఒక్క సెకనే. అక్కడ కత్తి దూయడానికే ఒక వంతు పోతుంది.

ప్ర: తలుపు అవతల అలికిడి వినపడగానే "తలుపు తెరుచుకోగానే బాణం వేస్తా, రెడీ" అన్నాను. డీఎం (ఆట నడిపేవారు) నన్ను వేయనివ్వకుండా అందరినీ ఇనిషియేటివ్ (వంతుల వరస తేల్చే ఇరవై ముఖాల పాచిక) వేయమన్నారు. తర్వాతి రౌండ్‌లో మళ్లీ రెడీ అంటే, రెండు బాణాలు వేయగలిగే నాకు ఒకటే ఇచ్చారు. న్యాయమేనా? (హనుమకొండ)

జ: రెండూ న్యాయమే.

రెడీ అన్నది పోట్లాటలో మీ వంతున వాడే యాక్షన్: ఫలానాది జరిగితే ఫలానా పని చేస్తానని షరతు పెట్టి, అది జరిగినప్పుడు రియాక్షన్‌తో చేయడం. పోట్లాట మొదలవకముందే దాన్ని ప్రకటిస్తే, ఇనిషియేటివ్ వేయకుండానే మొదటి దెబ్బ కొట్టేసినట్టు అవుతుంది. అప్పుడు ఇనిషియేటివ్‌కి విలువే ఉండదు. మీరు చప్పుడు చేయకుండా కాచుకుని ఉంటే, అవతలివాళ్లు పసిగట్టకపోతే, దానికి వేరే ప్రతిఫలం ఉంది. 2014 లెక్కన వాళ్లు ఉలిక్కిపడి మొదటి వంతు కోల్పోతారు: కదలలేరు, యాక్షన్ చేయలేరు, ఆ వంతు ముగిసేదాకా రియాక్షన్ కూడా ఉండదు. 2024లో దీన్ని బాగా తగ్గించారు. ఉలిక్కిపడ్డవాళ్లు ఇనిషియేటివ్‌ని డిసడ్వాంటేజ్‌తో వేస్తారు, అంటే రెండు పాచికలు వేసి చిన్నది తీసుకుంటారు.

ఇక ఒక్క బాణం సంగతి. ఐదో లెవెల్‌లో వచ్చే రెండో దెబ్బ మీ వంతులో అటాక్ యాక్షన్ చేసినప్పుడే వర్తిస్తుంది. రెడీ చేసి వదిలిన బాణం వేరేవాళ్ల వంతులో, మీ రియాక్షన్‌తో వెళ్తుంది. కాబట్టి ఒకటే. అలాంటివారు రెడీ చేయడమంటే సగం బలం వదులుకోవడం. శత్రువు ఇప్పుడు కనబడుతుంటే ఇప్పుడే కొట్టండి.

రెడీలో చిక్కంతా షరతు చెప్పే తీరులో ఉంది. షరతు పూర్తయ్యాకే మీ పని జరుగుతుంది. "మంత్రగాడు మంత్రం వేస్తే కొడతా" అంటే మంత్రం తగిలాక కొడతారు, ఈలోపు మీ స్నేహితులు కాలిపోయి ఉంటారు. "మంత్రగాడు స్తంభం చాటు నుంచి కనబడగానే" అంటే అతను అడుగు బయట పెట్టిన క్షణంలో, మంత్రం నోట రాకముందే బాణం వెళ్తుంది. అలాగే "గాబ్లిన్ నా మీదికి వస్తే" అనొద్దు, ఎంత దగ్గరికి అన్న తగువు తప్పదు. "గాబ్లిన్ నాకు 10 అడుగుల్లోకి రాగానే" అనండి. షరతు నెరవేరినా మీకు ఇష్టం లేకపోతే వదిలేయొచ్చు. తలుపులోంచి బయటికొచ్చింది మీ బందీ స్నేహితుడే అయితే బాణం వేయక్కర్లేదు. మీ తర్వాతి వంతు మొదలయ్యేదాకా షరతు నెరవేరకపోతే ఆ యాక్షన్ పోయినట్టే.

మంత్రాన్ని రెడీ చేయడం ఇంకా ఖరీదు. ఒక యాక్షన్‌లో వేసే మంత్రమే అయి ఉండాలి. రెడీ అన్నప్పుడే స్లాట్ (పరిమితంగా ఉండే మంత్రాల కోటాలో ఒకటి) ఖర్చవుతుంది. వదిలేదాకా ఏకాగ్రత పట్టి ఉంచాలి కాబట్టి అప్పటికే నడుస్తున్న ఏకాగ్రత మంత్రం ఆగిపోతుంది. మధ్యలో దెబ్బ తగిలితే కాన్‌స్టిట్యూషన్ (ఒంటి దారుఢ్యం) సేవ్, అంటే తట్టుకునే పాచిక, వేయాలి: డీసీ (పాచికతో అందుకోవాల్సిన అంకె) 10, లేదా తగిలిన డ్యామేజ్‌లో సగం, ఏది ఎక్కువైతే అది. తప్పితే మంత్రమూ స్లాటూ రెండూ గాలికి పోయినట్టే.

ప్ర: ఐదో లెవెల్ ఫైటర్‌ని. స్ట్రెంగ్త్ (కండబలం) 18, అథ్లెటిక్స్ (పట్టడం, తోయడం లాంటివాటికి పాచికకి కలిపే నైపుణ్యం) ప్లస్ 7. ఓగర్‌ని (భారీ రాక్షసుణ్ణి) తోసి పడగొట్టాను. మా రోగ్ వంతు వచ్చేసరికి అది లేచి నిలబడి ఉంది, ఆ పైన అందరినీ చితకబాదింది. ఈ ఎత్తుల వల్ల నిజంగా లాభం ఉందా, లేక దెబ్బలు కొట్టడమే మేలా? (విజయవాడ)

జ: లాభం ఉంది. అయితే అది మీ పాచిక మీద కన్నా వంతుల వరస మీద ఎక్కువ ఆధారపడుతుంది. మీ ఉత్తరాన్నే దగ్గరగా చూద్దాం.

ఇనిషియేటివ్ వరస ఇలా ఉందనుకోండి: మీరు 18, ఓగర్ 15, రోగ్ 12, క్లెరిక్ (వైద్యం చేసే పూజారి) 9. మీరు 18 దగ్గర ఓగర్‌ని పడగొట్టారు. వెంటనే 15 దగ్గర దాని వంతు. లేవడానికి వేగంలో సగం చాలు: దాని వేగం 40 అడుగులు, అందులో 20 ఇచ్చి లేచి, మిగిలిన 20 నడిచి, గదతో కొట్టింది. రోగ్ వచ్చేసరికి నేల మీద ఎవరూ లేరు. పడి ఉన్న ఓగర్ మీద మీ రెండో దెబ్బ తప్ప ఇంకెవరి దెబ్బా పడలేదు. అదే వరస మీరు 18, రోగ్ 16, ఓగర్ 15 అయితే కథ వేరు. అందుకే తోసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: నాకూ ఆ శత్రువు వంతుకూ మధ్య, దగ్గరగా కొట్టే మనవాళ్లు ఎవరైనా ఉన్నారా? లేకపోతే తోయడం ఒక దెబ్బ దండగ.

మధ్యలో ఎవరూ లేకపోయినా పడ్డవాణ్ణి లేవనివ్వకుండా చేసే మార్గం ఉంది. ముందు పట్టుకోండి, తర్వాత పడగొట్టండి. పట్టులో ఉన్నవాడి వేగం సున్నా. సున్నాలో సగం పెట్టి లేవడం కుదరదు. లేవాలంటే ముందు యాక్షన్ ఖర్చుపెట్టి పట్టు విడిపించుకోవాలి, అంటే ఆ వంతులో గద ఆగినట్టే. విడిపించుకోకుండా నేల మీంచే కొడితే డిసడ్వాంటేజ్. మీకు రెండు దెబ్బలున్నాయి కాబట్టి ఒకటి పట్టుకి, ఒకటి తోపుకి ఇవ్వొచ్చు. పట్టే ముందుండాలి. తోపు విఫలమైనా పట్టు తర్వాతి వంతుదాకా నిలుస్తుంది, అప్పుడు మళ్లీ తోయొచ్చు. ముందు పడగొట్టి తర్వాత పట్టు తప్పితే, మీకు జరిగినట్టే, అది లేచి కూర్చుంటుంది.

లెక్కలు చూడండి. 2014లో ఇద్దరూ పాచిక వేయాలి: మీకు ప్లస్ 7, ఓగర్‌కి అథ్లెటిక్స్‌లో ప్లస్ 4. సమానం వస్తే ఉన్న స్థితే కొనసాగుతుంది, అంటే పట్టు పడనట్టే. మీరు గెలిచే అవకాశం దాదాపు 62 శాతం. పట్టు, తోపు రెండూ ఒకే వంతులో పడే అవకాశం 38 శాతమే. కానీ ఒకసారి పడ్డాక అది విడిపించుకునే అవకాశం 34 శాతం. 2024లో మీరు పాచికే వేయరు. ఓగర్ స్ట్రెంగ్త్ గానీ డెక్స్టెరిటీ (చురుకుదనం) గానీ తన ఇష్టమొచ్చిన సేవ్ వేస్తుంది. మీ డీసీ 8, స్ట్రెంగ్త్ 18కి వచ్చే 4, ప్రొఫిషియెన్సీ (లెవెల్‌తో పెరిగే బోనస్) 3 కలిపి 15. అది 11 వేస్తే చాలు, అంటే సగానికి సగం. విడిపించుకోవడమూ సగానికి సగమే. అథ్లెటిక్స్ మీద ప్రొఫిషియెన్సీ రెట్టింపు చేసుకుని పట్టునే నమ్ముకున్న పాత్రలకి 2024 నష్టమే. ఇప్పుడు ఆ నైపుణ్యం పట్టుకోవడానికి పనికిరాదు, విడిపించుకోవడానికే. ఒక లాభం మాత్రం కలిసొచ్చింది: 2024లో పట్టులో ఉన్నవాడు పట్టుకున్నవాణ్ణి తప్ప వేరే ఎవర్ని కొట్టినా డిసడ్వాంటేజ్. మీ వెనకున్న మంత్రగాడికి మీరే గోడ అవుతారు.

ఇప్పుడు అసలు సంగతి. మీరు పడగొట్టింది ఏం ఆశించి? పడ్డవాణ్ణి 5 అడుగుల్లోంచి కొడితే అడ్వాంటేజ్ వస్తుంది (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవచ్చు), నిజమే. కానీ ఓగర్ ఏసీ (దెబ్బ తగలాలంటే అందుకోవాల్సిన అంకె) 11. ప్లస్ 7తో కొట్టే రోగ్‌కి 4 వస్తే చాలు, మామూలుగానే 85 శాతం తగులుతుంది. అడ్వాంటేజ్‌తో 98 అవుతుంది, పెద్ద తేడా కాదు. అదే ప్లేట్ కవచం తొడిగిన నైట్, ఏసీ 18 అయితే 50 శాతం కాస్తా 75 అవుతుంది. దెబ్బలు పెంచుకోవడానికి పడగొట్టాల్సింది కవచం గట్టిగా ఉన్నవాణ్ణి. ఓగర్‌ని పట్టి పడగొట్టడంలో లాభం రక్షణలో ఉంది. అది ప్లస్ 6తో కొడుతుంది. మీ ఏసీ 18 అనుకుంటే 45 శాతం తగిలేది, నేల మీంచి 20 శాతమే తగులుతుంది. తగిలితే సగటున 13 డ్యామేజ్ ఇచ్చే గద అది. రెండు మూడు రౌండ్లు అలా అదిమిపెడితే క్లెరిక్ వైద్యం స్లాట్లు మిగులుతాయి.

పట్టు ఎక్కడెక్కడ చెడిపోతుందో కూడా చెప్పాలి. ఒక చేయి ఖాళీ ఉండాలి. కత్తీ డాలూ పట్టుకుని పట్టు వేస్తానంటే కుదరదు, కత్తిని ఒరలో పెట్టడమో కింద పడేయడమో చేయాలి. శత్రువు మీకన్నా ఒక సైజు మాత్రమే పెద్దగా ఉండొచ్చు. ఓగర్ లార్జ్ కాబట్టి సరే, దానికన్నా పెద్ద జెయింట్ అయితే చేతికి అందదు. లాక్కుని వెళ్తే మీ వేగం సగం. విలుకాడు దూరం నుంచి పడ్డవాడి మీద బాణం వేస్తే డిసడ్వాంటేజ్, కాబట్టి మీ జట్టులో ఎక్కువమంది విల్లులవాళ్లుంటే పట్టుకోండి కానీ పడగొట్టకండి. ఇంకోటి, మీ విజార్డే థండర్‌వేవ్ మంత్రం వేసి ఓగర్‌ని 10 అడుగులు అవతలికి నెట్టితే మీ పట్టు అక్కడికక్కడే తెగిపోతుంది. ఇది చాలాసార్లు జరుగుతుంది, ముందే మాట్లాడుకోండి.

ప్ర: పాత ఎడిషన్ ఆడినవాళ్లు మా బల్లకి వచ్చారు. శత్రువు పక్కన మందు తాగినా, లేచి నిలబడినా, అతని చుట్టూ తిరిగినా ఆపర్చునిటీ అటాక్ అంటారు. నిజమేనా? (కాకినాడ)

జ: వాళ్లు మూడో ఎడిషన్ అలవాటుతో అంటున్నారు. ఐదో ఎడిషన్‌లో అది వచ్చేది ఒక్క సందర్భంలోనే: కళ్లకు కనబడే శత్రువు తన సొంత కదలికతో మీ చేతికందే పరిధి దాటి వెళ్లబోతున్నప్పుడు. దెబ్బ అతను దాటడానికి సరిగ్గా ముందు పడుతుంది. పరిధి లోపలే చుట్టూ గిరగిరా తిరిగినా, మందు తాగినా, లేచినా ఏమీ లేదు. ఎవరైనా నెట్టితే వెళ్లిపోయినా, మాయతో మాయమైనా లేదు. డిసెంగేజ్ (తప్పుకునే) యాక్షన్ చేసినవాడి మీదా లేదు. గాబ్లిన్లు దాన్ని బోనస్ యాక్షన్‌గా చేస్తాయి కాబట్టే చేతికి చిక్కవు. పక్కనే శత్రువుండగా బాణం వేసినా ఎదురుదెబ్బ ఉండదు, కాకపోతే ఆ బాణానికి డిసడ్వాంటేజ్.

ప్ర: బ్యాటిల్ మాస్టర్‌కి (ఫైటర్‌లో ఒక రకం) నాలుగే సుపీరియారిటీ డైస్ (ప్రత్యేక ఎత్తులకి ఖర్చుపెట్టే పాచికలు). మొదటి పోట్లాటలోనే అయిపోతున్నాయి. ఏ మ్యాన్యువర్ (ఎత్తు) ఎప్పుడు వాడాలి? (ఖమ్మం)

జ: మూడో లెవెల్‌లో నాలుగు డీ8లు (ఎనిమిది ముఖాల పాచికలు), ఏడో లెవెల్‌లో ఐదోది, పదిహేనులో ఆరోది వస్తాయి. చిన్న విశ్రాంతి తీసుకున్నా అన్నీ తిరిగొస్తాయి. కాబట్టి ముందు చూసుకోవాల్సింది మీ జట్టు గంటసేపు ఆగుతోందా లేదా అని. ఆగకుండా పరిగెత్తే జట్టులో ఈ క్లాస్ సగమే పనిచేస్తుంది.

మ్యాన్యువర్లని ఎప్పుడు ప్రకటించాలి అన్న దాన్నిబట్టి విడదీసి చూడండి. ట్రిప్ అటాక్ (కొట్టి పడగొట్టేది) లాంటివి దెబ్బ తగిలాక ప్రకటించేవి. పాచిక వృథా పోదు, శత్రువు సేవ్ గెలిచినా డీ8 డ్యామేజ్ మీదే. పాచిక మీద 20 పడ్డప్పుడు వాడితే ఆ డీ8 కూడా రెట్టింపవుతుంది. అలాంటి క్రిటికల్ కోసం ఒకటి దాచుకోవడం మంచి అలవాటు. ప్రిసిషన్ అటాక్ తప్పిన దెబ్బని తగిలేలా చేసేది. ఎంత తేడాతో తప్పిందో అంచనా ఉంటేనే వాడండి. ఒకటి తక్కువైతే డీ8 ఎంత పడినా తగులుతుంది. నాలుగు తక్కువైతే 8కి 5 అవకాశాలు, ఆరు తక్కువైతే 8కి 3 మాత్రమే. నాలుగు దాటితే వదిలేయమంటాం. 2014 నియమంలో పాచిక వేయకముందైనా, వేశాకైనా వాడొచ్చు, కానీ ఫలితం అమలవకముందే వాడాలి. 2024లో తప్పిందని తెలిశాకే వాడొచ్చు. ఒక దెబ్బకి ఒక మ్యాన్యువరే.

రిపోస్ట్, ప్యారీ రియాక్షన్ తింటాయి. రిపోస్ట్ మీ మీద దెబ్బ తప్పినప్పుడు ఎదురుకొట్టేది, ప్యారీ తగిలినప్పుడు డ్యామేజ్ తగ్గించేది. ఆ రౌండ్‌లో ఆపర్చునిటీ అటాక్ కొట్టేసి ఉంటే రెండూ లేవు. ట్రిప్, ప్రిసిషన్, రిపోస్ట్ ఈ మూడూ కలిపి తీసుకోవడం మాకు నచ్చుతుంది: ఒకటి తగిలినప్పటికి, ఒకటి తప్పినప్పటికి, ఒకటి ఎదుటివాడి వంతుకి. ప్యారీ కూడా కలిపితే ఒకే రియాక్షన్ కోసం రెండు మ్యాన్యువర్లు పోటీ పడతాయి.

ప్ర: మా విజార్డ్ షీల్డ్ మంత్రం ఎప్పుడు వేయాలన్నదాని మీద ప్రతిసారీ వాదన. అలాగే నా ఫైర్‌బాల్‌కి శత్రువు కౌంటర్‌స్పెల్ వేస్తే, దాని మీద నేను కౌంటర్‌స్పెల్ వేయొచ్చా? (హైదరాబాద్)

జ: షీల్డ్‌కి సమయం దెబ్బ తగిలిందని తేలాక, డ్యామేజ్ పాచికలు లెక్కపెట్టకముందు. వేయగానే ఏసీకి 5 కలుస్తుంది, తగిలిన ఆ దెబ్బకీ వర్తిస్తుంది. మీ ఏసీ 15, శత్రువు మొత్తం 17 అయితే తప్పిపోయినట్టే. 21 అయితే ఈ దెబ్బ ఆగదు, కానీ మీ వంతు మొదలయ్యేదాకా తర్వాతి దెబ్బలకి పనికొస్తుంది. సహజంగా 20 పడితే ఏసీ ఎంతైనా తగులుతుంది. వాదన ఎక్కువగా డీఎం తొందర వల్ల పుడుతుంది. "తగిలింది, 14 డ్యామేజ్" అని ఒకే ఊపిరిలో అనకూడదు. "పదిహేడు, తగిలిందా?" అని అడిగి ఆగాలి. ఆ మొత్తాన్ని పైకి చెప్పమనే మా సలహా. చెప్పి తీరాలని నియమం లేదు గానీ, చెబితే వాదనలు పోతాయి.

కౌంటర్‌స్పెల్ కూడా అంతే. 60 అడుగుల్లో కళ్లముందు మంత్రం వేస్తున్నవాడి మీద, ఆ మంత్రాన్ని ఆపడానికి రియాక్షన్‌గా వేసేది. డీఎం "అతను మంత్రం వేస్తున్నాడు" అని రెండు క్షణాలు ఆగి, ఎవరూ పలకకపోతే అప్పుడు మంత్రం పేరు చెప్పాలి.

మీ రెండో ప్రశ్నకి జవాబు పుస్తకాన్నిబట్టి మారుతుంది. 2014లో వేయొచ్చు. రియాక్షన్‌ని మీ సొంత వంతులోనూ వాడుకోవచ్చు కాబట్టి ఫైర్‌బాల్ మీద పడ్డ కౌంటర్‌స్పెల్‌ని మీ కౌంటర్‌స్పెల్‌తో ఆపొచ్చు. అదే వంతులో బోనస్ యాక్షన్ మంత్రం వేసి ఉంటే మాత్రం కుదరదు. 2024లో ఒక వంతులో ఒక్క స్లాట్ మాత్రమే ఖర్చుపెట్టి మంత్రం వేయొచ్చు. ఫైర్‌బాల్‌కి స్లాట్ వాడేశారు కాబట్టి ఆ వంతులో మీరు వేయలేరు, మీ జట్టులో ఇంకొకరు వేయాలి. 2024లో ఇంకో ఊరట ఉంది: కౌంటర్‌స్పెల్ తగిలినవారు కాన్‌స్టిట్యూషన్ సేవ్ వేస్తారు, తప్పితే మంత్రం పోతుంది కానీ స్లాట్ మిగులుతుంది.

ప్ర: డాలస్‌లో మా తెలుగు మిత్రులం పాత్‌ఫైండర్ అనే ఇలాంటిదే ఇంకో ఆట రెండో ఎడిషన్‌కి మారాం. మూడు యాక్షన్లూ కత్తి దెబ్బలకే వాడుతున్నాను, మూడోది ఎప్పుడూ తగలదు. ట్రిప్ (పడగొట్టడం) ఎక్కడ పెట్టాలి? (అమెరికా)

జ: మొదట పెట్టండి. 2019లో వచ్చిన ఈ ఎడిషన్‌లో వంతుకి మూడు యాక్షన్లు, రౌండ్‌కి ఒక రియాక్షన్. ఒకే వంతులో రెండో దాడికి మైనస్ 5, మూడోదానికి మైనస్ 10 పడుతుంది. చురుకైన ఆయుధమైతే మైనస్ 4, మైనస్ 8. ట్రిప్, గ్రాపుల్ (పట్టు), షవ్ (తోపు), డిసార్మ్ (ఆయుధం జారగొట్టడం) కూడా దాడులుగానే లెక్క. ఐదో ఎడిషన్ నుంచి వచ్చేవారు మర్చిపోయేది ఇదే.

మీ అథ్లెటిక్స్ ప్లస్ 13, శత్రువు రిఫ్లెక్స్ (తప్పించుకునే చురుకు) డీసీ 18 అనుకోండి. మొదటి యాక్షన్‌గా ట్రిప్ చేస్తే పాచిక మీద 5 చాలు, 15 పడితే క్రిటికల్. అదే మూడో యాక్షన్‌గా చేస్తే ప్లస్ 3 మిగులుతుంది: గెలవాలంటే 15 కావాలి, 5 గానీ అంతకన్నా తక్కువ గానీ పడితే డీసీకి పది తగ్గినట్టు, అంటే క్రిటికల్‌గా తప్పినట్టు. అప్పుడు నేల మీద పడేది మీరే. నాలుగింట ఒక వంతు అవకాశం అది. ఒక చేయి ఖాళీగానైనా ఉండాలి, లేదా ట్రిప్ లక్షణం ఉన్న ఆయుధమైనా ఉండాలి.

పడ్డవాడి ఏసీ 2 తగ్గుతుంది, దాడులకీ మైనస్ 2, లేవడానికి మూడింట్లో ఒక యాక్షన్ పోతుంది. మీరు ఫైటర్ అయితే ఇంకా మేలు: లేవడం కదలిక కిందికి వస్తుంది కాబట్టి మీ రియాక్టివ్ స్ట్రైక్ (రియాక్షన్‌తో కొట్టే దెబ్బ) దానికి పలుకుతుంది. అయితే గడి దాటని కదలికకి ఆ దెబ్బ కదలిక ముగిశాకే పడుతుంది. అప్పటికి అతను లేచి ఉంటాడు, కాబట్టి పడి ఉన్నందుకు తగ్గిన ఆ 2 ఏసీ మీకు కలిసిరాదు. మూడో యాక్షన్‌ని డాలు ఎత్తడానికో, ఒక అడుగు వెనక్కి వేయడానికో, డిమొరలైజ్‌తో బెదిరించడానికో ఇవ్వండి. ఇవేవీ దాడులు కావు, మైనస్ ఉండదు.

ప్ర: నా వంతు వచ్చినా, క్లెరిక్ తర్వాత చేస్తానని వాయిదా వేసుకోవచ్చా? (నెల్లూరు)

జ: ఐదో ఎడిషన్‌లో లేదు. "మీ వంతు ముగిసేదాకా" అని నడిచే ప్రభావాలు చాలా ఉన్నాయి. వంతుని జరుపుకుంటూ పోతే వాటిని కావలసినంత సాగదీయొచ్చు. రెడీ ఒక్కటే దారి. పాత్‌ఫైండర్‌లో డిలే ఉంది, కానీ ఆ చిక్కుని అడ్డుకుంటూ: వంతులో తగలాల్సిన చెడు అప్పుడే తగిలేస్తుంది, తీరిపోవాల్సిన మంచి అప్పుడే తీరిపోతుంది.

ప్ర: ఒక్క పోట్లాటకి గంటన్నర పడుతోంది. సగం సేపు "ఇప్పుడెవరు? నీ రియాక్షన్ అయిపోయిందా?" అన్న మాటలే. ఏం చేయాలి? (గుంటూరు)

జ: మందపాటి కాగితాన్ని మధ్యకి మడిచి, రెండు వైపులా పాత్ర పేరు రాసి, డీఎం తెర మీద వరసగా తగిలించండి. వరస అందరి కళ్లముందూ ఉంటుంది. ఒకే జాతి శత్రువులందరికీ ఒకే ఇనిషియేటివ్ వేయడం నియమమే, ఆరు గాబ్లిన్లకి ఆరు పాచికలు అక్కర్లేదు. ప్రతి ఆటగాడి ముందూ ఒక రూపాయి బిళ్ల బొమ్మ పైకి పెట్టించండి. రియాక్షన్ వాడితే బొరుసు, తన వంతు మొదలవగానే మళ్లీ బొమ్మ. అడిగే పనే ఉండదు. డీఎం ఎప్పుడూ రెండు పేర్లు పిలవాలి: "ఇప్పుడు రోగ్, తర్వాత క్లెరిక్ సిద్ధంగా ఉండు." కొట్టే పాచికనీ డ్యామేజ్ పాచికల్నీ వేర్వేరు రంగుల్లో కలిపి వేయండి, కానీ షీల్డ్ లాంటివి ఉన్న బల్ల దగ్గర డ్యామేజ్ అంకె వెంటనే చదవకండి. ఎంతకీ తేల్చుకోలేనివారికి డాడ్జ్ (దెబ్బలు తప్పించుకునే యాక్షన్) ఇచ్చి ముందుకెళ్లండి. అది శిక్ష కాదు, ఆ రౌండంతా వాళ్ల మీద దెబ్బలకి డిసడ్వాంటేజ్.

ప్ర: మా పిల్లల కోసం ఈ నియమాలు తెలుగులో రాసి, వీధిలో మిగతావాళ్లకీ పంచాలనుంది. చట్టపరంగా కుదురుతుందా? (రాజమహేంద్రవరం)

జ: కుదురుతుంది, మనస్ఫూర్తిగా చేయమంటాం. ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రం, ఎస్‌ఆర్‌డీ 5.1, 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ (అందరూ వాడుకోవచ్చనే అనుమతి) కింద ఉంది. 2024 నియమాలకి 5.2 పత్రం 2025లో వచ్చింది. మూలం ఏమిటో చెప్పే వాక్యం చేర్చి అనువదించుకోవచ్చు, పంచుకోవచ్చు. యాక్షన్లు, పట్టు, తోపు, రెడీ, నేలబడడం లాంటి స్థితులు అన్నీ అందులో ఉన్నాయి. బ్యాటిల్ మాస్టర్ లేదు, ఫైటర్‌కి ఛాంపియన్ ఒక్కటే ఇచ్చారు.

పదాల విషయంలో మా మాట. గ్రాపుల్‌కి "పట్టు" మన కుస్తీ గోదాలో నలిగిన మాటే, పిల్లలకి వెంటనే ఎక్కుతుంది. ప్రోన్‌కి "నేలబడి" చాలు. యాక్షన్, బోనస్ యాక్షన్, రియాక్షన్ మాత్రం అలాగే ఉంచండి. "పని", "అదనపు పని", "ప్రతిచర్య" అని మారిస్తే మామూలు మాటలతో కలిసిపోయి, పిల్లలు తలుపు తీయడం కూడా ఒక యాక్షనే అనుకుంటారు. ఒక్కో స్థితికి ఒక్కో చిన్న కార్డు రాయండి. ఎంతసేపు ఉంటుందో రాసేటప్పుడు "వంతు మొదలయ్యేదాకా", "వంతు ముగిసేదాకా" అన్న రెండు మాటల్ని రెండు రంగుల్లో రాయండి. షీల్డ్ మొదటి రకం. పొరపాటున రెండో రకంగా రాస్తే, మంత్రగాడు తన వంతంతా 5 ఏసీ అదనంగా వేసుకుని శత్రువుల మధ్య నడిచేస్తాడు, ఎవరూ పట్టుకోలేరు.